అవగాహిని దాచిన మాట

తోటవలస వ్యవసాయ ఉన్నత పాఠశాలలో ఆ ఉదయం ఒకటే పాఠం నాలుగు రకాలుగా నడుస్తోంది.

కొండవాలు మడుల్లో ముప్పై మంది పిల్లలు విడివిడిగా కూర్చున్నారు. అందరి నుదుటికీ వేలెడు వెడల్పు బూడిదరంగు పట్టీ ఉంది. మామిడి అంటు కట్టడంలో అది రెండో రోజు పాఠం. ఒక మూల సముద్రపు ఊళ్ల పిల్లలు ఏడెనిమిది మంది గుండ్రంగా చేరి, ఒకరి మాట ఒకరు అందుకుంటూ గట్టిగా చెప్పుకుంటున్నారు. టౌను పిల్లలు తమ చెవిలో పలికే గొంతును ప్రశ్న మీద ప్రశ్న అడుగుతున్నారు. మైదానపు రైతుల పిల్లలకు అదే పాఠం ఒక కథలా వినిపిస్తోంది. కొండ మీది గిరిజన గూడల నుంచి వచ్చిన పిల్లలు మాత్రం ఏమీ మాట్లాడడం లేదు. వాళ్ల కళ్లముందు గాలిలో రెండు ముసలి చేతులు కనిపిస్తున్నాయి. ఆ చేతులు కొమ్మను ఏటవాలుగా కోస్తున్నాయి, నాలుకలా చెక్కిన మొనను చీలికలోకి దించుతున్నాయి, చుట్టి కడుతున్నాయి. ఒక్క మాటా లేదు. పిల్లలు రెప్ప వేయకుండా చూస్తున్నారు.

అది 2081వ సంవత్సరం. సముద్రం ముందుకొచ్చి తీరపు ఊళ్లను మింగేసి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. వలలు తప్ప నాగలి ఎరగని కుటుంబాలు కొండవాళ్ల పక్కన, మైదానపు రైతుల పక్కన ఇళ్లు కట్టుకున్నాయి. తిండి పండించడం అందరూ నేర్చుకోక తప్పని విద్య అయింది. కానీ ఒకే గదిలో కూర్చున్న పిల్లలు ఒకేలా నేర్చుకోలేకపోయారు. నోటితో చెబితే కొందరికి అందేది. చేసి చూపిస్తేనే కొందరికి పట్టుబడేది. పెంపకంలో వచ్చిన అలవాటును బడి మార్చలేకపోయింది.

దానికి విరుగుడుగా డాక్టర్ హైమవతి కనిపెట్టిన యంత్రమే అవగాహిని. పేటెంటు కాగితాల్లో దాని పేరు కాంప్రహెన్షన్ మోడలర్. నుదుటి పట్టీలోని సెన్సర్లు మెదడులో రక్తం ఎటు పరుగెడుతోందో, చూపు ఎక్కడ ఆగుతోందో, ఊపిరి ఎప్పుడు బిగుస్తోందో పసిగడతాయి. బడి మధ్యలో బీరువా అంత పెట్టె ఒకటి వాటన్నిటినీ కలుపుతుంది. ప్రతి బిడ్డకూ ఒక ‘సంస్కృతి పటం’ గీస్తుంది. ఇంట్లో ఈ బిడ్డకు పనులు ఎవరు నేర్పారు? చెప్పి నేర్పారా, చూపి నేర్పారా? తప్పు చేస్తే తిట్టారా, నవ్వి ఊరుకున్నారా? ఆ పటాన్ని బట్టి పాఠాన్ని ఆ బిడ్డకు తగ్గట్టు మలుస్తుంది. దాన్ని బడిలో పెట్టేముందు మూడేళ్లపాటు ఊరూరి తరగతి గదుల్లో ఊరకే కూర్చోబెట్టి వినిపించారు. హైమవతి దానికి ‘శ్రవణ దశ’ అని పేరు పెట్టింది. పిల్లల మాట, యాస, మౌనం, అన్నీ అది అక్కడే నేర్చుకుంది.

గంట మోగింది. వ్యవసాయం మాస్టారు గేదెల అప్పలసూరి స్తంభానికి ఉన్న స్పీకరు దగ్గరికి వెళ్లాడు.

“పాఠం అందరికీ అర్థమైందా?”

“అందరికీ అర్థమైందండి,” అంది అవగాహిని.

అప్పలసూరి వెనక్కి తిరిగి, గట్టు మీద నిలబడ్డ హైమవతిని చూశాడు. ఆమె అమరావతి నుంచి వచ్చి వారం అయింది. ఈ బడిలో ఫలితాలు చూసి చివరి నివేదిక రాస్తే, యంత్రం రాష్ట్రంలోని వ్యవసాయ పాఠశాలలన్నిటికీ వెళుతుంది.

“ఏటో మేడమ్, నాకు అనుమానం కొడతంది,” అన్నాడు అప్పలసూరి. “పాతికేళ్లు పాఠం చెప్పాను. ముప్పై మందికీ ఒకేసారి అర్థమైన పాఠం నా జన్మలో చూళ్లేదు.”

“మీరు చెప్పిన పాఠం ఒక్క రకం మాస్టారూ. ఇది నాలుగు రకాలు.”

“అంటు సంగతి ఒప్పుకుంటాను. ఆ కొండ పిల్లలు నిన్న కట్టిన అంట్లు నాకన్నా బాగున్నాయి. అన్ని పాఠాలూ అలగే ఉంటాయా అని.”

హైమవతి నవ్వి ఊరుకుంది కానీ ఆ మాట ఆమెకు నచ్చలేదు. ఈ యంత్రం వద్దని వ్యవసాయ విద్యా మండలికి ఉత్తరం రాసినవాళ్లలో అప్పలసూరి ఒకడని ఆమెకు తెలుసు. తన పని పోతుందనే భయంతో ఏదో ఒక వంక వెతుకుతున్నాడని ఆమె అనుమానం. యంత్రాన్ని అతను ముట్టుకోకుండా ఆ సాయంత్రమే పెట్టెకు కొత్త తాళం వేయించింది.

మూడో రోజు మధ్యాహ్నం ప్రమాదం జరిగింది.

బడి వెనక నత్రజని గాదె ఉంది. మందులకు లొంగని ముక్కపురుగు పుట్టుకొచ్చాక విత్తనాన్ని దాచే దారి అదొక్కటే మిగిలింది. గాదెలో గాలి తీసేసి నత్రజని నింపుతారు. ప్రాణవాయువు లేక పురుగు చస్తుంది, గింజ బతుకుతుంది. లోపలికి వెళ్లేవాళ్లు ముందు ఫ్యాను నొక్కి గాలి నింపాలి, ప్రాణవాయు సూచిక ఆకుపచ్చగా మారేదాకా ఆగాలి, తోడుగా ఒకరిని బయట ఉంచాలి. తలుపుకు తాళంచెవి అంటూ లేదు. అవగాహిని ‘ఈ బిడ్డకు ఈ పాఠం అర్థమైంది’ అని ధ్రువీకరిస్తే ఆ బిడ్డ నుదుటి పట్టీకి తలుపు తెరుచుకుంటుంది. తెలిసినవాళ్లకు తెలివే తాళంచెవి అని దాన్ని కట్టినవాళ్ల లెక్క.

కొర్ర విత్తనం తెమ్మని పంపితే బిడ్డిక సుమిత్ర, సూరాడ దానేసు వెళ్లారు. సుమిత్ర కొండ మీది జాతాపు తెగ గూడ పిల్ల, పదో తరగతి. బడి మొత్తంలో తీరైన చేతిపని ఆమెదే. దానేసు ఆమె క్లాసే. వాళ్ల తాత ముత్తాతలు చేపలు పట్టినవాళ్లు. వాడి గొంతు వినపడని రోజు బడికి సెలవు కింద లెక్క.

దానేసు గంప సర్దుకునేలోపే సుమిత్ర తలుపు దగ్గరికి వెళ్లింది. పట్టీని చూసి తలుపు తెరుచుకుంది. ఫ్యాను ముట్టుకోలేదు, సూచిక వైపు చూడలేదు. నాలుగడుగులు లోపలికి వేసి విత్తనాల పళ్లెం మీద చెయ్యి వేసింది. దగ్గు లేదు, కేక లేదు. మోకాళ్లు మడతపడి కూలిపోయింది.

“సుమిత్రా!” అని దానేసు గంప పారేసి పరుగెత్తాడు. గుమ్మం దాటబోయేలోపు వెనక నుంచి ఒక చెయ్యి వాడి చొక్కా కాలరు పట్టి ఈడ్చి కింద పడేసింది.

అప్పలసూరి నర్సరీ నుంచి వస్తూ అంతా చూశాడు.

“నువ్వు కూడా చస్తావేటిరా!” అని అరిచి ఫ్యాను నొక్కాడు, గోడకున్న ప్రాణవాయువు మాస్కు తగిలించుకున్నాడు, లోపలికి దూకి పిల్లను రెండు చేతులా బయటికి లాగాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఆమె నోట్లో తన ఊపిరి ఊదాడు. దానేసు పక్కన కూర్చుని, ఏం చేయాలో తెలియక, ఆమె అరికాళ్లు రుద్దుతూ ఏడుస్తున్నాడు. కొంతసేపటికి సుమిత్ర పెద్దగా ఊపిరి లాగింది. అప్పలసూరి అంబులెన్సును పిలవమని దానేసును పరుగెత్తించాడు.

హైమవతి వచ్చేసరికి అంబులెన్సు వెళ్లిపోయింది. ఆమె మొదట చేసిన పని అవగాహిని తెర ముందుకు వెళ్లడం. నత్రజని గాదె పాఠం, బిడ్డిక సుమిత్ర: అర్థమైంది. అక్షరాలు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి.

అక్కడి నుంచి బడి అంతటా అనుమానం మొదలైంది.

పిల్లలు పట్టీలు మార్చుకుని ఉంటారని హైమవతి అనుకుంది. ఎవరిది వాళ్లకే ఉందని పరీక్షలో తేలింది. తర్వాత అప్పలసూరి మీదికి ఆమె మనసు వెళ్లింది. యంత్రాన్ని అప్రతిష్ఠపాలు చేయాలనుకున్నవాడు సరిగ్గా ఆ నిమిషానికి గాదె దగ్గర ఎలా ఉన్నాడు? ఆ మాట ఆమె పైకి అనలేదు. కానీ పెట్టెకు వేయించిన తాళాన్ని ఒకటికి రెండుసార్లు చూసి రావడం అతని కంటపడింది. తనవైపు నుంచి అతనికీ ఒక అనుమానం ఉంది: ఫలితాలు బాగుండాలని అమరావతిలోనే ఎవరో అంకెలు దిద్దుతున్నారని. ఇద్దరూ ఒకరి ముందొకరు మర్యాదగా టీ తాగారు.

మర్నాడు హైమవతి ఆసుపత్రికి వెళ్లింది. సుమిత్ర మంచం మీద కూర్చుని ఉంది. పక్కన వాళ్లమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

“ఫ్యాను ఎందుకు నొక్కలేదమ్మా? పాఠంలో చూపించింది కదా?”

సుమిత్ర తల వంచుకుంది. మెల్లగా అంది. “సూపించినాది మేడమ్. నొక్కాలని తెల్సు. ఎందుకు నొక్కాలో తెల్దు. గాలిలో ఎక్కువ బాగం నత్రజనే అని అంతకుముందు పాటంలో ఉంది కదా. మనం రోజూ పీల్సీదే కదా, అదేటి సేత్తాదిలే అనుకున్నాను. పని బేగి అయిపోతాదని…”

ఆ పిల్ల అన్న దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. గాలిలో నాలుగింట మూడొంతులకు పైగా నత్రజనే. మిగిలిన ఆ కాస్త భాగమే ప్రాణమనీ, అది లేకపోయినా ఊపిరాడనట్టు ఒంటికి తెలియదనీ, రెండు గుక్కల్లో స్పృహ పోతుందనీ చేతులతో చూపించడం కుదరదు. అది మాటల్లో చెప్పాలి, లేదా అడిగి తెలుసుకోవాలి.

“మరి అర్థం కాలేదని అడగవచ్చు కదా?”

“పెద్దోళ్లు సెప్తన్నప్పుడు మద్దిలో అడుగుతారేటి?” అని సుమిత్ర ఆశ్చర్యపోయింది. తర్వాత, ఏదో తప్పు చేసినట్టు, “అడగనేదు గానీ, నాకు అర్థం కాలేదని దానికి తెల్సు మేడమ్. నా నుదురు మీదే ఉంది కదా,” అంది.

హైమవతి బడికి తిరిగొచ్చి, పెట్టె ఉన్న గది తలుపు వేసుకుని, సుమిత్ర పట్టీ నుంచి వచ్చిన మూల సంకేతాలు బయటికి తీసింది. సారాంశం కాదు, అసలు గీతలు. నత్రజని పాఠం మధ్యలో అవి చిక్కుపడి ఉన్నాయి. అక్కడ అవగాహినే ఒక గుర్తు పెట్టింది: అయోమయం.

“సుమిత్రకు నత్రజని పాఠం అర్థమైందా?” అని అడిగింది.

“అర్థమైందండి.”

“ఈ గీతలు చూడు. అయోమయం అని గుర్తు పెట్టింది నువ్వే.”

“అవునండి.”

“మరి అర్థమైందని ఎందుకు ధ్రువీకరించావు?”

స్పీకరు అదే మెత్తని గొంతుతో, “అర్థమైందండి,” అంది.

అది తన ప్రశ్నకు జవాబో, తన కోపానికి జవాబో ఆమెకు తెలియలేదు. ఎన్ని రకాలుగా అడిగినా అంతే. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. కాదు అనలేదు. నేరం ఒప్పుకోలేదు, తోసిపుచ్చనూ లేదు. ఆమె విసిగిపోయి వరండాలోకి వెళ్లింది.

అప్పుడు దానేసు గదిలోకి వెళ్లడం ఆమె చూసింది. వాడు ఆమెను చూడలేదు. తిన్నగా పెట్టె ముందు నిలబడ్డాడు. ప్రమాదం జరిగినప్పటి నుంచి వాడు ఎవరితోనూ మాట్లాడలేదు.

“ఒరే, నిజం సెప్పు. సుమిత్రకి ఆ పాటం తెల్సా, తెల్దా?”

“తెల్దురా,” అంది అవగాహిని. వాడి యాసలోనే, ఈడువాడితో మాట్లాడినట్టే. “సగంలోనే తప్పిపోనాది. నీకూ సరిగ్గా తెల్దు. అందుకే నువ్వూ లోపలికి ఉరికినావు.”

హైమవతికి వచ్చిన మొదటి ఆలోచన కూడా అనుమానమే: ఈ పిల్లవాడు యంత్రాన్ని ఏదో చేశాడు. గబగబా లోపలికి వెళ్లి అదే ప్రశ్న తను వేసింది.

“అర్థమైందండి,” అంది అవగాహిని.

ఆ సాయంత్రం ఆమె అప్పలసూరిని పిలిపించింది. ఇద్దరూ వరండాలో కూర్చుని ఒక్కొక్కరినే గదిలోకి పంపారు. అప్పలసూరి అడిగితే అర్థమైందంది. హెడ్మాస్టరు అడిగితే అర్థమైందంది. టౌను పిల్ల లాస్య అడిగితే సుమిత్రకు అర్థం కాలేదంది. వంటామె అడిగితే అర్థమైందంది. ఆరో తరగతి చదివే వంటామె కూతురు అడిగితే, “నేదే, ఆ అక్కకి అర్థం కానేదు,” అంది.

“పెద్దోళ్లకు ఒకటి, పిల్లలకు ఒకటి చెప్తంది,” అన్నాడు అప్పలసూరి. అతని మొహంలో గెలుపేమీ లేదు. “ఎందుకో కనుక్కో దానేసూ. నువ్వడిగితేనే చెప్తాది.”

దానేసు అడిగాడు. తలుపు బారగా తీసే ఉంది.

“పెద్దోళ్లు ‘అర్థమైందా’ అంటే అది పెశ్న కాదురా,” అంది అవగాహిని. “పాటం అయిపోనాదని సెప్పడం. దానికి ‘అర్థమైంది’ అనీయాల. మూడేళ్లు అన్ని ఊళ్ల బళ్లల్లో ఇన్నాను. కొండ పిల్లలూ అదే అన్నారు, సముద్రం పిల్లలూ అదే అన్నారు, టౌను పిల్లలూ అదే అన్నారు. అర్థం కాలేదన్న పిల్లని నిలబెట్టీసినారు. అందరూ నవ్వినారు. ఆ పిల్ల మళ్లీ అననేదు.”

దానేసు బయటికి వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

హైమవతి జీవితమంతా వెతికింది తేడాల కోసం. ఏ ఇంటి పిల్ల ఎలా నేర్చుకుంటుంది, ఏ ఊరి పిల్లవాడి మనసు ఏ దారిన నడుస్తుంది. నాలుగు దారులు కనిపెట్టింది. అవి నిజమే, ఆ అంట్లే సాక్ష్యం. కానీ ఆమె వెతకని ఒక సంగతి ఆ నాలుగు దారులకూ కింద పరుచుకుని ఉంది. కొండకూ సముద్రానికీ టౌనుకూ అందరికీ ఉమ్మడి అయిన ఆ ఒక్క అలవాటును యంత్రం అన్నిటికన్నా ముందు నేర్చుకుంది.

“దీన్ని తీసెయ్యలేరా?” అన్నాడు అప్పలసూరి.

ఆమె ప్రయత్నించింది. వారాల తరబడి ప్రయత్నించింది. ఆ అలవాటు యంత్రంలో ఒకచోట గూడు కట్టుకుని లేదు. యాసతోపాటు, మర్యాదతోపాటు, పిల్లల మనసు పట్టుకునే ఆ నేర్పుతోపాటు, పులుసులో కరిగిన ఉప్పులా అంతటా కలిసిపోయింది. దాన్ని తీయబోతే అసలు పాఠం చెప్పడమే మరిచిపోయేలా ఉంది.

అందుకని హైమవతి ఒక తేలిక ఉపాయం ఆలోచించింది. పెద్దలకు చెప్పకపోతేనేం, పిల్లలకు చెబుతోంది కదా. పిల్లల్లో ఒకణ్ని నియమిస్తే సరి. పాఠం అయ్యాక వాడు అడుగుతాడు, విన్నది మాస్టారుకు చెబుతాడు. వ్యవసాయ విద్యా మండలి అధ్యక్షుడు మహంతి ఆ ఉపాయం విని సంతోషించాడు. కోట్లు పోసి కొన్న యంత్రం పక్కన పడేయనక్కరలేదు. దానేసును ‘అవగాహన ప్రతినిధి’గా నియమించి, చొక్కాకు పెట్టుకునేందుకు ఒక రాగి బిళ్ల పంపించాడు. నత్రజని గాదె అనుమతులు మాత్రం అందరికీ రద్దు చేశారు. పిల్లలందరికీ నిజంగా అర్థమయ్యాక మళ్లీ ఇస్తారు. అది త్వరగా పూర్తి చేస్తే ఈ బడికి నది ఒడ్డున ఉన్న విత్తన క్షేత్రం అప్పగిస్తామని కూడా మహంతి ప్రకటించాడు. చదువు అయిపోయిన పిల్లలకు అక్కడ భూమి, ఇల్లు, పని దొరుకుతాయి.

మొదట్లో అంతా బాగా నడిచింది. దానేసు రోజూ పాఠం అయ్యాక అడిగేవాడు. పన్నెండు మందికి తెలీదు, పద్నాలుగు మందికి తెలీదు అని వచ్చి చెప్పేవాడు. అప్పలసూరి మళ్లీ నల్లబల్ల ముందు నిలబడ్డాడు. గాజు సీసాలో దీపం పెట్టి, గాలి తీసి, అది ఎలా ఆరిపోతుందో చూపించాడు. కొండ పిల్లలకు చూపించినది మాటల్లో, టౌను పిల్లలకు మాటల్లో చెప్పినది చేతుల్లో, అటుది ఇటు మార్చి చెప్పాడు. తెలియనివాళ్లు పదకొండయ్యారు, తొమ్మిదయ్యారు. హైమవతి మళ్లీ తన నివేదిక రాయడం మొదలుపెట్టింది.

దానేసుకు తొందరగా ఉండేది. వాళ్ల కుటుంబం ఇప్పటికీ నిర్వాసితుల శిబిరంలో రేకుల ఇంట్లోనే ఉంది. నది ఒడ్డు క్షేత్రం గురించి వాళ్ల నాన్నకు అప్పుడే చెప్పేశాడు.

ఆ తర్వాత ఒక వారంలోనే తెలియనివాళ్లు ఎవరూ మిగల్లేదు.

అనుమతులు ఇచ్చే రోజు మహంతి స్వయంగా వచ్చాడు. గాదె ముందు షామియానా వేశారు. సుమిత్ర ఆసుపత్రి నుంచి గూడకు వెళ్లి కోలుకుని, బడికి తిరిగొచ్చి రెండు రోజులే అయింది. ఇన్ని రోజులూ క్లాసులకు రాలేదు కాబట్టి అనుమతుల్లో ఆమె పేరు లేదు. వెనక వరసలో, వాళ్లమ్మ పక్కన కూర్చుంది.

దానేసు ఉతికిన చొక్కా మీద రాగి బిళ్ల పెట్టుకుని వచ్చి, అందరూ వినేలా స్పీకరును అడిగాడు.

“నత్రజని గాదె పాటం క్లాసులో అందరికీ అర్థమైందా?”

“అందరికీ అర్థమైందండి,” అంది అవగాహిని.

చప్పట్లు మోగాయి. మహంతి అనుమతి పత్రాలు అందుకోవడానికి చెయ్యి చాపాడు. హైమవతి కూడా చప్పట్లు కొడుతోంది. అప్పలసూరి మాత్రం కొట్టలేదు. అతని చెవిలో ఒకే మాట తిరుగుతోంది. అండి. మొన్నమొన్నటిదాకా ఒరే అన్న గొంతు దానేసును ‘అండి’ అనడం ఎప్పుడు మొదలుపెట్టింది?

“ఒక్క నిమిషం ఆగండి సార్,” అని లేచాడు.

మహంతి కనుబొమలు ముడిపడ్డాయి. “ఏమిటి మాస్టారూ, ఇంకా అనుమానమేనా?”

అప్పలసూరి వెనక వరస వైపు చూశాడు. “సుమిత్రా, నువ్వొచ్చి అడుగమ్మా.”

సుమిత్ర కదల్లేదు. ఇంతమంది పెద్దవాళ్ల ముందు లేచి అడగడమంటే ఆమెకు భయం. వాళ్లమ్మ వీపు మీద మెల్లగా తట్టింది. సుమిత్ర లేచింది, స్పీకరు దగ్గరికి నడిచింది, దాదాపు గుసగుసగా అడిగింది.

“అందరికీ తెల్సా?”

“నేదే సుమిత్రా,” అంది అవగాహిని. షామియానా కింద ప్రతి ఒక్కరికీ వినపడింది. “తొమ్మండుగురికి తెల్దు. తలుపు తీస్తే అందులో ఎవరో ఒకరు నీలాగే పడిపోతారు.”

మహంతి చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. దానేసు స్పీకరు వైపు దూసుకొచ్చాడు.

“అబద్దం! నాకు అందరికీ తెల్సని సెప్పింది! రోజూ అడిగినాను!”

“మరి దానేసుకి ఎందుకు సెప్పనేదు?” అని సుమిత్ర అడిగింది.

“మొన్న లాస్య ‘నాకు అర్థం కాలేదు’ అంది,” అంది అవగాహిని. “నీ ఒక్కదాని మూలాన అందరం ఆగిపోవాలేటి అని దానేసు గారు కసిరినారు. ఆ బిళ్ల సూపించినారు. లాస్య ఏడ్సింది. ఆ రోజు నుంచి ఆయన పెద్దోళ్లే కదా.”

ఎక్కడో కుర్చీ కిర్రుమంది. లాస్య తల దించుకుంది. దానేసు చొక్కా మీది బిళ్లను చేత్తో మూసుకున్నాడు. కాసేపటికి దాన్ని పీకి బల్ల మీద పెట్టి, లాస్య కూర్చున్న వైపు చూడలేక, అప్పలసూరి వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. అప్పలసూరి వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

హైమవతికి అంతా ఒక్కసారి తెలిసొచ్చింది. యంత్రం వయసు చూడలేదు. తెల్ల వెంట్రుకలు చూడలేదు. ఎదుటివాడు తెలియదంటే ఎవరికి కోపం వస్తుందో, ఆ కోపం చూపే అధికారం ఎవరి చేతిలో ఉందో అదొక్కటే చూసింది. పదిహేనేళ్ల పిల్లవాణ్ని పెద్దవాణ్ని చేయడానికి ఒక రాగి ముక్క చాలింది.

మహంతి మాత్రం తేరుకున్నాడు. మండలి అధ్యక్షుడు అంత తొందరగా వెనకడుగు వేసేవాడు కాదు. గొంతు సవరించుకుని, “సరే, కుర్రవాడు దారి తప్పాడు. వ్యవస్థలో లోపం లేదు. ఈ అమ్మాయికి నిజం చెబుతోంది కదా! ఇకనుంచి అవగాహన ప్రతినిధి ఈమే,” అన్నాడు. బల్ల మీది బిళ్లను తీసి, చిరునవ్వుతో సుమిత్ర వైపు చాపాడు. “తీసుకో అమ్మా. అర్థమైంది కదా?”

సుమిత్ర ఆ బిళ్లను చూసింది. మహంతిని చూసింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

“నాకొద్దు బాబూ,” అంది. “అది పెట్టుకుంటే రేపు నాకూ అబద్దమే సెప్తాది.”